పాస్‌పోర్టు ఉన్నా మెట్రిక్యులా ఎందుకు ఇవ్వలేదు?

మీ రెస్టారెంటులో వంటచేసే మెక్సికన్ మిత్రుణ్ణి సంచార కాన్సులేట్ శిబిరం నుంచి మెట్రిక్యులా (అమెరికాలో ఉంటున్న మెక్సికన్లకు వాళ్ల కాన్సులేట్ ఇచ్చే గుర్తింపు కార్డు) ఇవ్వకుండా పంపేశారన్నారు కదా, చాలావరకు అది చిరునామా రుజువు లేకనే.

1. పాస్‌పోర్టుకు ఆ రుజువు అడగరు. మెట్రిక్యులా కార్డు మీద అమెరికా చిరునామానే అచ్చువేస్తారు కాబట్టి, ఆ కాన్సులేట్ పరిధిలోనే ఉంటున్నట్టు కాగితం కావాలి. నలుగురు కలిసి ఉండే గదిలో కరెంటు బిల్లు ఎప్పుడూ ఇంకొకరి పేరునే ఉంటుంది, చిక్కంతా అక్కడే! తన పేరున బ్యాంకు స్టేట్‌మెంటు తీసుకువెళ్లమనండి.

2. జన్మ ధ్రువపత్రం, ఫోటో గుర్తింపు కార్డు అసలువే ఉండాలి, జిరాక్సులు చెల్లవు. జన్మపత్రం పోయిందా? మెక్సికోలో బంధువులను తిప్పనక్కరలేదు, రుసుము కడితే కాన్సులేటే ధ్రువీకరించిన నకలు ఇస్తుంది, అది చెల్లుతుంది.

3. అపాయింట్‌మెంటు ‘మి కాన్సులాదో’ (MiConsulado) అనే మెక్సికో ప్రభుత్వ బుకింగ్ సేవలో మళ్లీ తీసుకోవాలి. అది ఉచితం. డబ్బడిగేవాడు దళారీ.

వెళ్లినప్పుడు ‘వెంతనియా దె సలూద్’ (కాన్సులేట్ ఆరోగ్య సేవల) బల్ల ఉంటే ఆగమనండి. బీపీ, చక్కెర ఉచితంగా చూస్తారు, వీసా సంగతి అడగరు.