72 గంటల మాత్ర వేసుకున్నా నెలసరి రాలేదు.. గర్భం వచ్చినట్టేనా?

ప్రశ్న: నా వయసు 24. పెళ్లి కాలేదు. నెలసరి 28 రోజులకు సరిగ్గా వస్తుంది. కిందటిసారి నెలసరి మొదలైన 13వ రోజున కలయిక జరిగింది. గర్భం రాకుండా మర్నాడే 72 గంటల మాత్ర వేసుకున్నాను. ఆరు గంటల తర్వాత ఒక వాంతి అయింది. వారం తర్వాత రెండు రోజులపాటు కొద్దిగా రక్తం కనిపించింది. ఇప్పుడు నెలసరి ఐదు రోజులు ఆలస్యమైంది. మొన్న గర్భ పరీక్ష కిట్‌తో చూసుకుంటే ఒకే గీత వచ్చింది. ఇంకో మాత్ర వేసుకుంటే నెలసరి వచ్చేస్తుందని స్నేహితురాలు అంటోంది. వేసుకోవచ్చా?

జవాబు: వేసుకోవద్దు. మీరు వాడిన లెవోనార్జెస్ట్రెల్ 1.5 మిల్లీగ్రాముల మాత్ర నెలసరిని రప్పించేది కాదు, నిలిచిన గర్భాన్ని తొలగించేదీ కాదు. అండం ఇంకా విడుదల కాకపోతే ఆ విడుదలను వాయిదా వేయడమే దాని ప్రధానమైన పని. అండం విడుదల వెనక్కి జరిగితే నెలసరి కూడా వెనక్కి జరుగుతుంది కాబట్టి, వారం వరకు ఆలస్యం కావడం ఈ మాత్ర వాడినవారిలో మేము తరచూ చూసేదే. మధ్యలో కనిపించిన రక్తం కూడా చాలావరకు మాత్ర ప్రభావమే. దాన్ని నెలసరిగా లెక్కించకూడదు, గర్భం రాలేదనడానికి రుజువుగానూ తీసుకోకూడదు. వాంతి గురించి దిగులు అక్కర్లేదు. మాత్ర వేసుకున్న రెండు మూడు గంటల లోపు వాంతి అయితేనే మళ్లీ వేసుకోవాల్సి ఉంటుంది.

అయితే 13వ రోజు అంటే 28 రోజుల నెలసరి ఉన్నవారిలో అండం విడుదలయ్యే సమయానికి బాగా దగ్గర. అప్పటికే విడుదలై ఉంటే మాత్ర పెద్దగా పనిచేయదు. అందువల్ల గర్భం వచ్చే అవకాశం అసలే లేదని నేను చెప్పలేను. కలయిక జరిగి ఇప్పటికి దాదాపు 20 రోజులైంది. మొన్నటి ఒక గీత మంచి సూచనే గానీ, పరీక్షను పూర్తిగా నమ్మాలంటే 21 రోజులు దాటాలి. మాత్ర తర్వాత మళ్లీ రక్షణ లేని కలయిక జరిగి ఉంటే మాత్రం ఈ లెక్కను ఆ చివరి కలయిక నుంచి మొదలుపెట్టండి, ఎందుకంటే ముందు వేసుకున్న మాత్ర తర్వాతి కలయికలకు రక్షణ ఇవ్వదు.

రెండు మూడు రోజులు ఆగి, ఉదయం లేవగానే వచ్చే మొదటి మూత్రంతో మళ్లీ పరీక్షించుకోండి. ఫలితాన్ని కిట్ మీద రాసిన నిమిషాల లోపే చూడాలి. పక్కన పెట్టిన కిట్‌లో గంట తర్వాత లేతగా కనిపించే గీతను లెక్కలోకి తీసుకోకూడదు. అప్పుడూ ఒకే గీత వచ్చి, మరో వారానికి కూడా నెలసరి రాకపోతే గైనకాలజిస్టును కలవండి. గర్భం వస్తే పెరిగే హార్మోన్‌ను కొలిచే బీటా హెచ్‌సీజీ రక్తపరీక్షతో విషయం తేలిపోతుంది. ఈలోగా బొప్పాయి, నువ్వులు, బెల్లం అంటూ కడుపు పాడుచేసుకోకండి. క్షయకు రిఫాంపిసిన్ గానీ, మూర్ఛకు కార్బమజెపిన్, ఫెనిటాయిన్ వంటివి గానీ వాడుతుంటే డాక్టరుకు తప్పక చెప్పండి. అవి ఈ మాత్ర బలాన్ని తగ్గిస్తాయి.

పొత్తికడుపులో ఒకవైపు తీవ్రమైన నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం, భుజం నొప్పి ఉంటే పరీక్షల కోసం ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. గర్భాశయంలో కాకుండా ట్యూబులో నిలిచిన గర్భం ప్రాణాపాయం కావచ్చు.

ఒకవేళ రెండు గీతలు వస్తే, మందుల షాపులో గర్భస్రావం మాత్రలు కొని సొంతంగా వాడకండి. గర్భం ఎక్కడ ఉందో, ఎన్ని వారాలదో స్కానింగ్‌లో తేలాకే ఏ నిర్ణయమైనా. కొనసాగించాలనుకుంటే, మీరు వేసుకున్న మాత్ర వల్ల బిడ్డకు హాని జరిగినట్టు ఆధారాలు లేవు. వద్దనుకుంటే, 2021లో సవరించిన గర్భస్రావ చట్టం (ఎంటీపీ) ప్రకారం గర్భనిరోధక సాధనం విఫలమై వచ్చిన గర్భాన్ని పెళ్లికాని స్త్రీ కూడా 20 వారాల వరకు ఒక అర్హుడైన డాక్టరు అభిప్రాయంతో తీయించుకోవచ్చు. 18 ఏళ్లు నిండిన మీకు మీ సమ్మతి ఒక్కటే చాలు, తల్లిదండ్రుల సంతకం అవసరం లేదు. మీ వివరాలను గోప్యంగా ఉంచాల్సిన బాధ్యతను ఆ చట్టమే డాక్టరుపై పెట్టింది.