‘హి’లో అందరూ ఉన్నారన్న మాట నేను ఒప్పుకోను

మీ ప్రశ్న ఇది: అమెరికా టీమ్‌లో కొత్తగా వచ్చిన మేనేజర్ మెయిల్ సంతకం కింద తన సర్వనామాలు ‘దే/దెమ్’ (they/them) అని రాసుకున్నారు. ఒక్క మనిషిని ‘దే’ అనడం గ్రామర్ తప్పు కాదా, ఈ కొత్త పోకడలన్నీ మనమూ పాటించాలా?

తప్పు కాదు. మీరనుకుంటున్నంత కొత్తదీ కాదు. ఆడో మగో తెలియని ఒక్కరి గురించి చెప్పేటప్పుడు ‘దే’ వాడడం ఇంగ్లీషులో 14వ శతాబ్దం నుంచీ ఉంది. షేక్‌స్పియర్ వాడాడు, జేన్ ఆస్టెన్ వాడింది. ఎవరో గొడుగు మర్చిపోయి వెళ్తే ఇంగ్లీషువాళ్ళు “సమ్‌వన్ లెఫ్ట్ దెయిర్ అంబ్రెల్లా” అంటారు. మనం మాత్రం ఏమంటాం? “ఎవరో మర్చిపోయారు” అనే కదా. గొడుగు ఒక్కటే, మనిషీ ఒక్కరే, క్రియ మాత్రం బహువచనం. అందులో తప్పు పట్టిన తెలుగు మాస్టారిని నేనింతవరకు చూడలేదు.

కొత్తది ఏమిటంటే, తాను ఆడా కాదు మగా కాదు అని చెప్పుకున్న ఫలానా వ్యక్తికి ‘దే’ వాడడం. అది నిజంగా ఈ మధ్య వచ్చిన మార్పే. మెరియమ్-వెబ్‌స్టర్ నిఘంటువు 2019లో ఆ అర్థాన్ని చేర్చింది, ఆ ఏడాది మాటగా కూడా ‘దే’నే ఎంచుకుంది. పరిశోధనా పత్రాలు రాసేవాళ్ళు అనుసరించే ఏపీఏ శైలి కూడా అదే ఏడాది దీన్ని ఒప్పుకుంది. కాబట్టి గ్రామర్ సంగతి తేలిపోయింది. అసలు గొడవ వేరే ఉంది, అది చెబుతాను.

నేను హైదరాబాదులో చాలా ఏళ్ళుగా డాక్యుమెంటేషన్ పనిలో ఉన్నాను. ఒక కంపెనీలో ఉద్యోగుల హ్యాండ్‌బుక్ తిరగరాసే పని నాకొచ్చింది. పాతది ఎప్పుడో మగవాళ్ళు మాత్రమే పనిచేసే కాలంలో ఎవరో రాసింది. దాన్నే ఏటేటా కాపీ చేసుకుంటూ వచ్చారు. ప్రతి వాక్యంలోనూ ‘హి’, ‘హిజ్’. నేను వాటిని ‘దే’, ‘దెయిర్’ చేసి పంపాను. లీగల్ విభాగం పెద్దాయన ప్రింటు తీయించి, నా ‘దే’లన్నిటినీ ఎర్ర పెన్నుతో కొట్టేసి మీటింగ్ పెట్టించారు.

“అమ్మా, ఇది లీగల్ డాక్యుమెంటు. ‘హి’ అంటే ఆడవాళ్ళూ వచ్చేస్తారు. జనరల్ క్లాజెస్ యాక్ట్, 1897, సెక్షన్ 13. చూసుకోండి” అన్నారు.

ఆయన చెప్పిన సెక్షన్ నిజమే. పుంలింగ పదాలు వాడితే స్త్రీలు కూడా అందులో చేరినట్టే అని ఆ చట్టంలో ఉంది. నేనేమీ వాదించలేదు. ప్రసూతి సెలవు పేజీ తీసి గట్టిగా చదివాను. “ది ఎంప్లాయీ షల్ ఇన్ఫార్మ్ హిజ్ మేనేజర్ ఆఫ్ ది ఎక్స్‌పెక్టెడ్ డేట్ ఆఫ్ డెలివరీ, అండ్ హి షల్ బి ఎంటైటిల్డ్...” 2017లో ప్రసూతి సెలవు చట్టాన్ని సవరించాక వారాల సంఖ్యను 26 చేశారు గానీ ‘హి’ని ఎవరూ ముట్టుకోలేదు. హెచ్‌ఆర్ అమ్మాయి ఒకామె అప్పుడు ఏడో నెలలో ఉంది, ఆ బల్ల దగ్గరే కూర్చుంది. “సర్, ఆ సెలవుకి నేనే అప్లై చేశాను. ఇందులో ఉన్నది నేనేనా?” అని అడిగింది. ఎగతాళిగా కాదు, చాలా మామూలుగా అడిగింది. ఆయన కాసేపు కాగితం వైపే చూసి “సరే, ఈ పేజీలో ‘షి’ పెట్టండి” అన్నారు.

అక్కడే నాకు కడుపు మండింది. ఆయన చెప్పినట్టు చేస్తే ఆ పుస్తకంలో ‘షి’ ఎక్కడెక్కడ కనిపిస్తుందో లెక్క చూశాను. ప్రసవం పేజీలో, లైంగిక వేధింపుల ఫిర్యాదు పేజీలో, రాత్రి క్యాబ్ పేజీలో. అంతే. ప్రమోషన్ పేజీలో ‘హి’. టీమ్ లీడ్ బాధ్యతల్లో ‘హి’. విదేశీ ట్రైనింగ్‌లో ‘హి’. ఆడది కనాలి, వేధింపులు పడాలి, రాత్రి భయపడుతూ ఇంటికి చేరాలి. మిగతా ఉద్యోగమంతా మగవాడిది. ఎవరూ కావాలని అలా రాయలేదు, నాకు తెలుసు. కావాలని రాయకుండానే అలా తయారైందంటే ఆ ‘హి’ ఎంత పని చేస్తుందో చూడండి.

‘హి’లో అందరూ ఉన్నారన్న వాదన అసలైన అవసరం వచ్చినప్పుడల్లా చేతులెత్తేసింది. 1916లో రెజీనా గుహ అనే లా పట్టభద్రురాలు ప్లీడరుగా నమోదు చేయమని అడిగితే కలకత్తా హైకోర్టు కుదరదంది. పుంలింగంలో స్త్రీలు చేరతారన్న నిబంధన అప్పటికే మన చట్టాల్లో ఉంది. అయినా కుదరదంది. 1921లో సుధాంశుబాల హజ్రాకు పట్నా హైకోర్టులోనూ అదే జరిగింది. చివరికి 1923లో ఆడవాళ్ళూ వకీళ్ళు కావచ్చని విడిగా ఇంకో చట్టం తేవలసి వచ్చింది. ఇంగ్లండులో అంతకుముందే ఇదే కథ నడిచింది. 1850 చట్టం పుంలింగంలో స్త్రీలు ఉన్నారంది. 1868లో మాంచెస్టర్ మహిళలు ఓటు అడిగితే కోర్టు లేరంది. శిక్ష వేసేటప్పుడు మాత్రం ఈ అనుమానం ఎవరికీ రాలేదు. 1860 నాటి ఇండియన్ పీనల్ కోడ్ ఎనిమిదో సెక్షన్లోనే ‘హి’ అంటే ఆడ మగ ఎవరైనా అని స్పష్టంగా రాసుకున్నారు. నేరం చేస్తే ‘హి’లో ఉంటావు, నల్ల కోటు అడిగితే ఉండవు.

ఆ పీనల్ కోడ్ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో కూడా ‘హి’ని కొనసాగించి, అందులో ట్రాన్స్‌జెండర్లను కూడా చేర్చారు. చేర్చడం మంచిదే. కానీ ఆ ‘హి’ని వదలకుండా అందరినీ దాని కిందికే తోయడం దేనికి? బ్రిటిష్ ప్రభుత్వమే 2007లో ఇకపై బిల్లులను లింగభేదం లేని భాషలో రాస్తామని ప్రకటించింది. మనకు ఆ ‘హి’ని నేర్పినవాళ్ళు వదిలేశారు, మనమే పట్టుకుని వేలాడుతున్నాం.

ఆ మీటింగ్ ఎలా ముగిసిందో చెప్పలేదు కదూ. పెద్దాయన ‘దే’కి చివరిదాకా ఒప్పుకోలేదు. ఒక్కరిని బహువచనంలో రాస్తే తన పేరు పోతుందన్నారు. “అయితే సర్, మొత్తం ‘యూ’ పెట్టేద్దాం. యూ షల్ ఇన్ఫార్మ్ యువర్ మేనేజర్” అన్నాను. వెంటనే ఒప్పేసుకున్నారు. ఆ ‘యూ’ కూడా ఒకప్పుడు బహువచనమే. ఒక్కరితో మాట్లాడేటప్పుడు ‘దౌ’ అనేవాళ్ళు. 17వ శతాబ్దంలో జార్జ్ ఫాక్స్, ఆయన వెంట ఉన్న క్వేకర్లనే క్రైస్తవ శాఖవాళ్ళు ఒక్క మనిషిని ‘యూ’ అనడం తప్పని పుస్తకమే వేశారు. ఈ రోజు ‘దే’ మీద వినిపిస్తున్న వాదనే అది. వాళ్ళు ఓడిపోయారు, ‘యూ’ నిలబడింది. నిలబడ్డాక కూడా “యూ ఆర్” అనే అంటాం గానీ “యూ ఈజ్” అనం. ‘దే’కీ అదే పద్ధతి. మీ మేనేజర్ ఒక్కరే అయినా “దే ఆర్ ఆన్ లీవ్” అని రాయాలి. “దే ఈజ్” రాయకండి.

హ్యాండ్‌బుక్ ‘యూ’తోనే బయటికొచ్చింది, ఆ భాగం నాకు సంతృప్తే. ఇలాంటివి రాసేవాళ్ళకి నేను చెప్పేదీ అదే. వీలైతే చదివేవాళ్ళతో నేరుగా మాట్లాడండి, లేదా వాక్యాన్ని ‘ఎంప్లాయీస్’ అని బహువచనంలో మొదలుపెట్టండి, రెండూ కుదరకపోతే ‘దే’. ఆ ‘హి/షి’, ‘హిజ్/హర్’ అడ్డగీతలు మాత్రం వద్దు. రెండు లైన్లు దాటితే చదవలేం. పైగా మీ మేనేజర్ లాంటివాళ్ళకు అందులో చోటే లేదు.

మా ఆఫీసులోనూ ఒకరు ‘దే’ అని పిలవమని అడిగారు. మొదటి వారం అందరూ కంగారుపడ్డారు, తర్వాత మర్చిపోయారు. తెలుగులో మాట్లాడుకునేటప్పుడైతే ఆ కంగారు కూడా లేదు. “తను ఇంకా రాలేదు”, “తను కాల్‌లో ఉన్నారు” అంటే సరిపోతోంది.

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. ‘దే’ అంటే గ్రామర్ పాడవుతుందని బాధపడేవాళ్ళు “రెస్పెక్టెడ్ సర్” గురించి ఎందుకు మాట్లాడరు? మా అపార్ట్‌మెంట్ సెక్రటరీ ఒకావిడ. ఆవిడ పేరు నోటీసు బోర్డు మీద, వాట్సాప్ గ్రూపులో, రసీదు పుస్తకంలో ఉంది. అయినా నీళ్ళ గురించి, పార్కింగ్ గురించి వచ్చే ఉత్తరాలన్నీ “రెస్పెక్టెడ్ సర్”తోనే మొదలవుతాయి. బళ్ళో లీవ్ లెటర్ అలా నేర్పారు, అలాగే చేతికి వచ్చేసింది. ఎదుట ఉన్నది ఎవరో చూడకుండా రాసే ఆ అలవాటు మన ఇంగ్లీషుకి ‘దే’ కంటే చాలా ఎక్కువ చెరుపు చేస్తోంది. పిల్లలకి లీవ్ లెటర్ నేర్పే టీచర్లు ఎవరైనా ఇది చదువుతుంటే, వచ్చే ఏడాది నుంచి “డియర్” తర్వాత మీ పేరు రాయించండి.

మీ మేనేజర్‌కి కూడా అంతే. “డియర్” అని పేరు రాసి మొదలుపెట్టండి. వాళ్ళ గురించి ఇంకొకరికి రాయవలసి వస్తే సంతకం కింద వాళ్ళు ఇచ్చుకున్నదే వాడండి.