పొలం మట్టిలో ఆగ్జిన్‌ను సెన్సర్‌తో కొలవొచ్చా?

ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి పొలం మట్టిలో, నీళ్లలో మొక్కల హార్మోన్లను కొలిచే ఎలక్ట్రోకెమికల్ సెన్సర్ చేయొచ్చా అని అడిగారు. చేయొచ్చు. ఇండోల్ అసిటిక్ ఆసిడ్, అదే ఆగ్జిన్, వోల్టేజీ పెంచుతూ స్కాన్ చేస్తే గ్లాసీ కార్బన్ ఎలక్ట్రోడ్ మీద సుమారు 0.7 వోల్టుల దగ్గర ఆక్సిడైజ్ అయి (అంటే ఎలక్ట్రాన్లు వదిలి) కరెంటులో చక్కటి పీక్ ఇస్తుంది. బఫర్‌లో, అంటే pH మారని శుభ్రమైన ద్రావణంలో చూస్తే ఇంత తేలికా అనిపిస్తుంది. తలనొప్పంతా మట్టితోనే.

నేను పీహెచ్‌డీలో దీని మీదే పనిచేశాను. మా మొక్కజొన్న చేలో అజోస్పైరిల్లమ్ అనే జీవన ఎరువు బ్యాక్టీరియా వేసిన చోట మట్టి తవ్వి ల్యాబ్‌కి పట్టుకెళ్లాను. ("పట్నంలో మట్టి కూడా దొరకదట్రా?" అన్నారు నాన్న.) ఆ బ్యాక్టీరియా ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం నుంచి ఆగ్జిన్ తయారుచేస్తుంది కాబట్టి పీక్ గట్టిగా రావాలి. నీళ్లలో కలిపి, వడకట్టి స్కాన్ చేస్తే నిజంగానే వచ్చింది. మా గైడ్ కుర్చీ లాక్కుని వచ్చి పక్కన కూర్చున్నారు. రెండో స్కాన్‌కి పీక్ సగమైంది. మూడోదానికి చిన్న గుబ్బ మిగిలింది. ఆక్సిడైజ్ అయిన పదార్థమూ మట్టిలో కుళ్లిన ఆకుల నుంచి వచ్చే హ్యూమిక్ ఆమ్లాలూ కలిసి ఎలక్ట్రోడ్‌కి జిడ్డులా పట్టేశాయి. 0.05 మైక్రాన్ అల్యూమినాతో రుద్దితే పీక్ తిరిగొచ్చింది, మళ్లీ పోయింది.

అప్పుడు ఇంకో సెల్‌లో ఉత్త ట్రిప్టోఫాన్ ద్రావణం పోసి, సార్ చూస్తుండగానే స్కాన్ చేశాను. దాదాపు అదే చోట పీక్! రెండింటి అణువుల్లోనూ ఆక్సిడైజ్ అయ్యేది ఇండోల్ వలయమే మరి. అంటే మట్టిలో వచ్చిన పీక్ ఆగ్జిన్‌దో ట్రిప్టోఫాన్‌దో చెప్పలేం. ఆయన కాసేపు స్క్రీన్ వంక చూసి, "కాలువ నీళ్లతో చెయ్యి, పేపర్‌కి చాలు" అని లేచి వెళ్లిపోయారు.

నాకు ఒళ్లు మండేది ఇక్కడే. శుభ్రమైన నీళ్లలో మనమే కొలిచి హార్మోన్ కలిపి, కలిపినంతా దొరికిందని టేబుల్ వేసి, దానికి 'రియల్ శాంపిల్' అని పేరు పెడతారు. మట్టి జోలికి వెళ్లేవాళ్లు తక్కువ. వెళ్లినా శాంపిల్ ఎప్పుడు తీశారో, ఎలా దాచారో రాయరు. ఆగ్జిన్ వెలుతురుకి విరిగిపోతుంది. సీసాలో బతికున్న బ్యాక్టీరియా ఇంకొంత తయారుచేస్తూనే ఉంటుంది. సీసాకి ఫాయిల్ చుట్టి ఐసులో పెట్టి తేకపోతే మీ అంకె పొలానిది కాదు, బస్సు ప్రయాణానిది.

అందుకే నా సలహా: పీక్ పెద్దది కావాలని ఎలక్ట్రోడ్‌కి పూసే నానో పౌడర్ల మీద డబ్బు తగలెయ్యకండి. ఆ ఖర్చు శాంపిల్ శుభ్రం చేసుకునే కార్ట్రిడ్జ్‌ల మీద, ప్రతి స్కాన్‌కీ మార్చుకునే ప్రింటెడ్ ఎలక్ట్రోడ్ల మీద పెట్టండి. పీక్ ఎత్తుని మోతాదుగా మార్చే కాలిబ్రేషన్ బఫర్‌లో కాకుండా ఆ మట్టి నీళ్లలోనే తెలిసిన మోతాదులు కలుపుతూ చేయండి.

ఇంకో మాట. రైతుకి కావాల్సింది ఆగ్జిన్ లెక్క కాదు, 2,4-డీ లెక్క. అది ఆగ్జిన్‌లా పనిచేసే కలుపు మందు. పక్క చేలో కలుపుకి కొట్టింది గాలికొస్తే పత్తి ఆకులు బెండాకుల్లా చీలిపోతాయి, ఊళ్లో పంచాయితీ మొదలవుతుంది. మామూలు కార్బన్ ఎలక్ట్రోడ్ మీద అది అంత తేలిగ్గా పీక్ ఇవ్వదు. దాన్ని పట్టుకునే యాంటీబాడీనో, దాని అచ్చుతో చేసిన పాలిమర్ పొరనో ఎలక్ట్రోడ్ మీద వేయాలి. కష్టమే కానీ, మీ గైడ్ ఒప్పుకుంటే అది చేయండి.