రోజూ ఉద్యోగానికి ఉక్కు ఫ్రేము సైకిలు మంచిదేనా?

తిరుపతి నుంచి చంద్రగిరికి రోజూ సైకిలు మీద ఉద్యోగానికి వెళ్లాలనుకుంటున్నానని, ఉక్కు ఫ్రేము కొనాలా, అల్యూమినియం కొనాలా అని మీరు అడిగారు. అదే దారిలో పన్నెండేళ్లుగా నేను ఉక్కు సైకిలే తొక్కుతున్నాను. వానాకాలంలో దాని సంరక్షణకు ఓపిక ఉంటే మీరు కూడా ఉక్కుదే తీసుకోండి.

బరువును గురించి ఎక్కువ బెంగ పెట్టుకోనక్కరలేదు. ఉక్కు సాంద్రత అల్యూమినియానికి దాదాపు మూడు రెట్లే అయినా, వంగకుండా నిలిచే గుణం కూడా సుమారుగా అంతే ఎక్కువ కాబట్టి సన్నని గొట్టాలు సరిపోతాయి. పలమనేరు వెళ్తూ మొగిలి ఘాటు ఎక్కినప్పుడు మాత్రం ఆ అదనపు బరువు నాకు బాగానే తెలిసింది.

నన్ను ఉక్కు వైపే నిలిపింది దాని మన్నిక. ఒక హద్దుకు లోబడిన కుదుపులు ఎన్నిసార్లు తగిలినా ఉక్కు అలసిపోదు. అల్యూమినియానికి అటువంటి హద్దు లేదు, చిన్న కుదుపుల ప్రభావం కూడా ఏళ్ల తరబడి పోగవుతూనే ఉంటుంది. 2019లో నా సైకిలు వెనుక చక్రం దగ్గర గొట్టానికి సన్నని పగులు వచ్చినప్పుడు, రంగు మీద గీత కనిపించి ముందే జాగ్రత్తపడ్డాను. గ్యాసు వెల్డింగు చేసే పెద్దాయన ఇత్తడి కడ్డీతో గంటలో అతికిచ్చారు, అది నేటికీ చెక్కుచెదరలేదు. సైకిళ్లకు వాడే అల్యూమినియం మిశ్రమాలను చాలావరకు అతికాక మళ్లీ వేడిచేసి బలం తెప్పించాలి కాబట్టి, ఆ పని వీధి చివరి షాపులో కాదు.

ఉక్కుకు అసలు శత్రువు తుప్పు, అదీ లోపలి తుప్పు. 2021 నవంబరు వరదల్లో మా సెల్లారులో సైకిలు ఒక రాత్రంతా నీళ్లలో నిలిచింది. పైపైన తుడిచి ఊరుకున్నాను. కొన్ని నెలలకు సీటు కడ్డీ కదలకుండా బిగుసుకుపోయింది, పెడళ్ల ఇరుసు దగ్గర విప్పితే తుప్పు పొరలు పొరలుగా రాలింది. ఆ తప్పు మీరు చేయకండి. తడిసిన ప్రతిసారీ సీటు కడ్డీ తీసి, సైకిలును తలకిందులుగా పెట్టి ఆరబెట్టండి. ఏడాదికోసారి వానలకు ముందు గొట్టాల లోపల, రంగుల షాపులో దొరికే అవిసె నూనె పోసి అన్ని వైపులకూ పారేలా తిప్పి, మిగిలినది వంపేసి రెండు రోజులు ఆరనివ్వండి. సీటు కడ్డీకి గ్రీజు రాయడం మరవకండి.

పాత సైకిలు కొంటున్నట్లయితే, బేరమాడే ముందే సీటు కడ్డీ తీయించి, టార్చి వేసి గొట్టం లోపల చూడండి.