పార్టీ టికెట్ కాగితం, అదే బీ-ఫారం, తీసుకునే ముందు ఒక మాట

బిడ్డా,

నువ్వు ఎంపీటీసీకి, అంటే మండల పరిషత్ సభ్యురాలిగా, నిలబడుతున్నావని మీ బాపు ఫోన్ చేశాడు. హన్మకొండలో మా వాడకట్టు అంతా తిరిగి చెప్పుకున్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. "గెలిచినంక గాలి ఎటుంటే అటు పోదాం" అన్నావట కదా, ఆ మాటకే ఈ ఉత్తరం.

ఇంటి పన్ను బకాయి కట్టెయ్, ఓటరు లిస్టులో పేరు చూసుకో, ఖర్చు రాసిపెట్టు. ఇవి నీకు తెలిసినవే.

తెలియనిది విప్, అంటే ఎవరికి ఓటెయ్యాలో పార్టీ ఇచ్చే ఆదేశం. 2006లో నేను ఎంపీటీసీగా గెలిచాక ఎంపీపీ (మండల పరిషత్ అధ్యక్షుడు) ఎన్నిక ముంగట పడింది. అవతలి పార్టీ ఆయన రాత్రికి రాత్రి మమ్మల్ని సుమోలో ఎక్కించి క్యాంపుకు పట్టుకపోయాడు, ఫోన్లు గుంజుకున్నారు, భద్రాచలంలో రాముడి ముందు ప్రమాణం కూడా చేయించారు. ఈలోపు మా పార్టీ వాళ్ళు విప్ కాగితం ఇంటికి తెచ్చారు. మీ పెద్దమ్మ అప్పుడే పత్తి చేను నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది. బ్యాంకు కాగితం అనుకుని రసీదు మీద తడి చేత్తోనే వేలిముద్ర వేసి, కాగితాన్ని బియ్యం డబ్బా కింద పెట్టింది. నా చేతికి అందలేదు కాబట్టి విప్ చెల్లదని క్యాంపులో ఒక వకీలు అంటే నమ్మాను. అందరి ముందు అవతలి వాళ్ళకు చెయ్యి ఎత్తాను.

తర్వాత నోటీసు వచ్చింది. విచారణలో ఆ రసీదు చూపించారు, వేలిముద్ర చుట్టూ నీటి మరక. అది మా ఆవిడది కాదని చెప్పాను. ఆమె తలుపు దగ్గరే నిలబడి ఉంది. పదవి ఎట్లాగూ పోయింది. ఎంపీపీ అయినాయన మళ్ళీ నా ఫోన్ ఎత్తలేదు, దానికి నాకేం బాధ లేదు. ఇంటికి వచ్చే దారిలో బస్సులో ఆమె ఒక్క మాటా మాట్లాడలేదు, అదే ఇప్పటికీ గుచ్చుతుంది.

ఎమ్మెల్యేలు దూకితే ఏమైంది అంటావేమో. 1985 పార్టీ ఫిరాయింపుల చట్టంలో పదవి పోకుండా ఉండాలంటే మూడో వంతు మంది చీలితే చాలు అని ఉండేది, 2003లో అది తీసేశారు, ఇప్పుడు మూడింట రెండు వంతులు విలీనం కావాలి. 2019లో కాంగ్రెస్ ఎమ్మెల్యేలు 18 మందిలో సరిగ్గా 12 మంది టీఆర్‌ఎస్‌లో కలిసింది ఆ లెక్కతోనే. 2024లో బీఆర్‌ఎస్ నుంచి కాంగ్రెస్‌లోకి పోయిన పది మంది ఎమ్మెల్యేల సంగతి, అందులో మన స్టేషన్ ఘన్‌పూర్ కూడా ఉంది, సుప్రీంకోర్టు దాకా పోయి 2025 జులై 31న వాళ్ళ అనర్హత తేల్చడానికి స్పీకర్‌కు మూడు నెలల గడువు పెట్టించింది. వాళ్ళకు స్పీకర్ ఉన్నాడు, పెద్ద వకీళ్ళు ఉన్నారు. నీ సంగతి తేల్చడానికి ఎన్నిక జరిపిన అధికారి ఉంటాడు, అంతే. పిచ్చిదానా, పార్టీ నచ్చకపోతే ఇప్పుడే ఇండిపెండెంట్‌గా వెయ్యి, నేనే ఇల్లిల్లూ తిరుగుతా.

ఎవరు ఏ కాగితం తెచ్చినా ముందు నాకు వాట్సాప్‌లో ఫొటో పెట్టు. ఇంట్లో అవ్వకు కూడా చెప్పిపెట్టు.

మా ఓట్లు ఇంకా ఊళ్ళోనే ఉన్నాయి. ఆ ఏడే మహిళా సంఘంలో సంతకం నేర్చుకుంది మీ పెద్దమ్మ. నీ నామినేషన్ మీద ప్రతిపాదించే సంతకం తానే పెడతానని పొద్దున్నుంచి పాత నోటుబుక్కులో రాసి చూసుకుంటోంది.

మీ పెద్దబాపు