పండక్కి పిలిచి పేపర్ ప్లేట్‌లో పెట్టారు, ఇప్పుడు స్టేజి ఎక్కమంటున్నారు

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. రాజమండ్రి వైపు ఒక క్యాంపస్‌లో పీజీ చేస్తున్నాను, కల్చరల్ కమిటీలో ఉన్నాను. నా రూమ్మేట్ కూనవరం వైపు కోయ అమ్మాయి. ఏడాదికి పైగా ఒకే గదిలో ఉంటున్నాం, ఒకరి డ్రెస్సులు ఒకరం వేసుకునేంత స్నేహం. వచ్చే నెల మా క్యాంపస్‌లో అన్ని సంస్కృతుల వాళ్లతో ఒక పెద్ద ఈవెంట్ ఉంది. తనకి గౌరవంగా ఉంటుందని కొమ్ము డాన్స్‌కి తన పేరు నేనే ఇచ్చాను. తన ఫొటోకి కొమ్ముల తలపాగా ఎడిట్ చేసి, 'మన క్యాంపస్ అడవి బిడ్డ' అని పోస్టర్ చేసి గ్రూపులో పెట్టాం. అప్పటి నుంచి నాతో మాట్లాడటం మానేసింది. నేను తనని ఎప్పుడూ వేరుగా చూడలేదు. సంక్రాంతికి మా ఇంటికి కూడా తీసుకెళ్లాను, జగ్గన్నతోట తీర్థం చూపించాను. నాయనమ్మ 'మీరేవిట్లమ్మా' అని కులం అడిగితే తనే చెప్పింది. మేమందరం అరిటాకుల్లో తిన్నాం, అమ్మ తనకి పేపర్ ప్లేట్‌లో పెట్టింది, కానీ తనేం అనుకోలేదు, వచ్చేటప్పుడు పూతరేకులు కూడా కట్టి ఇచ్చాం. ఇప్పుడు రూమ్ మార్చమని అప్లికేషన్ పెట్టింది. దాని మీద నా సంతకం కావాలట, నేను పెట్టలేదు, మాట్లాడుకుంటే సర్దుకుంటుందని ఆపాను. మా సార్ ఎలాగైనా ఒప్పించమంటున్నారు. ఎలా ఒప్పించాలి? నేను కమిటీలోంచి తప్పుకోవాలా?

జవాబు: అమ్మాయ్, నువ్వు రాసింది ఇక్కడ బాగా కుదించి వేశాను. అసలు దాంట్లో పోస్టర్ గురించి, ఈవెంట్ గురించి పేజీలకు పేజీలు ఉంది. పేపర్ ప్లేట్ గురించి మాత్రం ఒకే ఒక్క ముక్క, అదీ తీర్థానికీ పూతరేకులకీ మధ్యలో ఎక్కడో ఇరికించావు. నేను అక్కడే ఆగిపోయాను, ముందు ఆ సంగతే మాట్లాడతాను, నీ ఈవెంట్ తర్వాత.

కోనసీమలో పెరట్లో అరటి చెట్లున్న ఇల్లు, పండగ పూట, అందరికీ ఆకులు కోసి కడిగి వేశారు. ఇంకో ఆకు కొయ్యడానికి ఎంతసేపు పడుతుంది? పేపర్ ప్లేట్ కోసమే అటక మీదో అల్మారాలోనో వెతికి ఉంటారు, అంటే అది పొరపాటున జరిగింది కాదు. మీ నాయనమ్మ 'మీరేవిట్లు' అని అడిగాకే ఆ ప్లేట్ బయటికొచ్చిందా, ముందే వచ్చిందా? తను ఎక్కడ కూర్చుని తింది, మీ పక్కనేనా? తిన్నాక ఆ ప్లేట్ ఎవరు తీశారు? ఇవేవీ నువ్వు రాయలేదు. నీకు గుర్తు లేక కాదనుకుంటాను. ఎందుకంటే, మామూలు విషయమైతే నాకు రాసేదానివే కాదు. 'తనేం అనుకోలేదు' అన్నావు. పరాయి ఇంట్లో, పండగ పూట, తిరిగి వెళ్లడానికి బస్సు కూడా మర్నాడే అయినప్పుడు, ఏమనగలదు చెప్పు? నవ్వుతూ తిని, చెయ్యి కడుక్కుని లేచి ఉంటుంది. అలాంటి చోట్ల ఏమీ అనకుండా లేవడం ఆ అమ్మాయికి అది మొదటిసారి అయ్యుండదు కూడా.

ఇంట్లో అందరితో పాటు ఆకు వెయ్యని మనిషిని రెండు నెలలు తిరక్కుండా స్టేజి మీద అందరి ముందూ నిలబడమన్నావు. తను అలా లెక్క కట్టుకుంటే తప్పు పట్టడానికి లేదు.

ఇక పోస్టర్. అడక్కుండా పేరివ్వడం ఒకటి, ఆ 'అడవి బిడ్డ' ఒకటి. నీతో పాటు పీజీ చదువుతూ, నీ పక్క మంచం మీద పడుకుని అవే సెమిస్టర్ పరీక్షలు రాస్తున్న అమ్మాయి, పోస్టర్ ఎక్కేసరికి అడవి బిడ్డ అయిపోయింది. నీ ఫొటో వేసి 'మన క్యాంపస్ కాలువగట్టు బిడ్డ' అని రాస్తే నీ ఫ్రెండ్స్ ఎన్నాళ్లు ఆట పట్టిస్తారో ఊహించుకో. పైగా ఆ కొమ్ములు. కోయల్లో అడవిదున్న కొమ్ముల తలపాగా కట్టుకుని, మెళ్లో పెద్ద డోలు వేసుకుని ఆడేది మగవాళ్లు. ఆడవాళ్లు ఒకరినొకరు పట్టుకుని వరసగా అడుగులేస్తారు. నువ్వు ఆడపిల్ల నెత్తిన కొమ్ములు పెట్టి గ్రూపులో వదిలావు. వాళ్ల ఊళ్లో ఎవరైనా ఆ పోస్టర్ చూస్తే ముందు నవ్వుతారు, తర్వాత కోప్పడతారు, ఆ తిట్లన్నీ ఫోన్లో పడేది తనకే, నీకు కాదు. గదిలో తనని ఒక్క మాట అడిగుంటే రెండు నిమిషాల్లో తెలిసేది ఇదంతా.

జగ్గన్నతోట తీర్థం చూపించానన్నావు కాబట్టి ఆ దారిలోనే చెబుతాను. కనుమ నాడు చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు వస్తాయి, వెదురుతో ఎత్తుగా కట్టి అలంకరించినవి, ఊరి మగవాళ్లు భుజాన మోసుకుని పచ్చటి చేల మధ్య నుంచి, గంగలకుర్రు వాళ్లయితే కౌశిక నది దాటించి మరీ తెస్తారు. చేను తొక్కుడు పడినా రైతు మా పొలంలోంచి దేవుడు వెళ్లాడని సంతోషిస్తాడు. 2023 రిపబ్లిక్ డేకి మన రాష్ట్ర శకటం అదే, ఢిల్లీలో చూసి మురిసిపోయాం. నిన్ను అడక్కుండా ఎవరో నీ పేరిచ్చి, 'నువ్వు కోనసీమ దానివి కదా, ఆడిటోరియంలో ఓ ప్రభ భుజానేసుకుని నాలుగు రౌండ్లు తిరుగు' అంటే? ప్రభకి ఊరుంది, రోజుంది, మోసే వంతులున్నాయి. కొమ్ములకీ అంతే, పెళ్లిళ్లకి, జాతరలకి, పండగలకి బయటికి తీస్తారు. వేసవిలో వాళ్ల భూమి పండగ వస్తే ఆడవాళ్లు రోడ్డు మీద వరసగా నిలబడి ఆడుతూ బళ్లు ఆపి చందా వసూలు చేస్తారు, చింతూరు రోడ్డులో వెళ్లిన లారీ డ్రైవర్లకి కూడా తెలుసు ఆ సంగతి. ఏడాది పైగా గదిలో ఉన్న నీకు తెలుసా?

(నాకో చాదస్తం ఉంది, ఇక్కడే చెప్పేస్తాను. రాష్ట్రాలని జోడీలు కట్టి ఒకరి సంస్కృతి ఒకరికి చూపించే కేంద్రం కార్యక్రమం ఏక్ భారత్ శ్రేష్ఠ్ భారత్‌లో మన రాష్ట్రానికి జోడీ పంజాబ్. అందుకని మన కాలేజీల్లో భాంగ్రా ఆడే పిల్లలు కనిపిస్తారు, మంచిదే, నాకేం అభ్యంతరం లేదు. కానీ మారేడుమిల్లి ఘాట్ ఎక్కి దిగితే వచ్చే కూనవరం, శబరి వచ్చి గోదాట్లో కలిసే చోటు, మనకి పంజాబ్ కన్నా దూరమైపోయింది. పోలవరం నిండితే నీళ్లు పారేది మన కాలువల్లో, ఊళ్లు మునిగేది వాళ్ల వైపు. ఆ మండలాలు 2014లో ఖమ్మం జిల్లా నుంచి మనలో కలిసింది కూడా ఆ ప్రాజెక్టు కోసమే. మీ రూమ్మేట్ వాళ్ల ఊరు ముంపులో ఉందో లేదో, 2022 జులై వరదకి వాళ్ల ఇల్లు ఏమైందో ఎప్పుడైనా అడిగావా?)

సరే, ఏం చెయ్యాలి. పోస్టర్ ఇవాళే తీసెయ్యి, తీసేశామని గ్రూపులో ఒక్క లైను రాయి, 'అడక్కుండా వేశాం, తప్పు మాది' అని. అంతకన్నా పొడుగ్గా రాయకు, పొడుగ్గా రాస్తే మళ్లీ తన గురించే చర్చ మొదలవుతుంది. సార్ దగ్గరికి వెళ్లి, ఆ పేరు తనని అడక్కుండా నేనే ఇచ్చాను, ఒప్పించే పని నేను పెట్టుకోను, ప్రోగ్రామ్‌లోంచి తీసెయ్యండి అని చెప్పు. సార్ మొహం మాడ్చుకుంటే మాడ్చుకోనీ, ఆయనకి కావలసింది ఒక ఐటెం, ఇంకోటి దొరుకుతుంది. ఆయన నేరుగా ఆ అమ్మాయినే పిలిచి బతిమాలకుండా చూసుకోవడం కూడా నీ పనే.

తనతో మాట్లాడేటప్పుడు ప్లేట్ సంగతి నువ్వే ఎత్తాలి, తను ఎత్తే దాకా ఆగకు. 'మా ఇంట్లో నీకు వేరే ప్లేట్ పెట్టారు, ఎందుకో నాకు తెలుసు, చూసి కూడా నోరు మెదపలేదు, పోస్టర్ నిన్ను అడక్కుండా చేశాను' అని ఉన్నదున్నట్టు చెప్పి ఊరుకో. 'నువ్వు అలా ఫీలవుతావనుకోలేదు' లాంటివి వద్దు, మా అమ్మ మంచిదే అని సర్టిఫికెట్ ఇవ్వొద్దు, ఏడవొద్దు. నువ్వు ఏడిస్తే నిన్ను ఓదార్చే డ్యూటీ కూడా తన మీదే పడుతుంది. చేతిలో స్వీట్ బాక్సు కూడా వద్దు. తను ఏమీ అనకపోవచ్చు, తలుపేసుకోవచ్చు, నాలుగు కడిగెయ్యొచ్చు కూడా. కంప్లయింట్ ఇస్తానంటే అదీ తన ఇష్టం. యూజీసీ నిబంధనల ప్రకారం క్యాంపస్‌లో సమాన అవకాశాల విభాగం ఉండాలి, వివక్ష మీద ఫిర్యాదు తీసుకునే అధికారి ఉండాలి. నువ్వు అడ్డం పడకు, ఫ్రెండ్స్‌ని రాయబారం పంపకు.

అమ్మతో మాట్లాడటం ఇంతకన్నా కష్టం. ఫోన్లో వద్దు, ఇంటికెళ్లినప్పుడు, నాయనమ్మ మధ్యాహ్నం కునుకు తీసే వేళ చూసుకో. 'నేనేమన్నానే, కడుపు నిండా పెట్టి పంపానుగా' అంటుంది, అది నిజమే కూడా, కొసరి కొసరి వడ్డించే ఉంటుంది. కొత్త అల్లుడికి వందల రకాలు వడ్డించి పేపర్లో ఫొటోలు వేయించుకునే జిల్లాలు మనవి, మర్యాద అంటే మనకి వడ్డించడమే, దేంట్లో వడ్డించామన్నది ఎవరూ అడగరు. తర్వాత 'మీ నాయనమ్మ ఊరుకోదే' అంటుంది, అందులోనూ కొంత నిజం ఉండొచ్చు. వాదన పెట్టుకోకు, కులం మీద ఉపన్యాసం అసలే వద్దు. 'ఈసారి నా ఫ్రెండ్ ఎవరొచ్చినా వాళ్లకి దేంట్లో పెడితే నాకూ దాంట్లోనే పెట్టు' అని చెప్పు, చెప్పినట్టు చెయ్యి. నువ్వు పేపర్ ప్లేట్ పట్టుకుని కూర్చుంటే మీ నాన్నగారు ఎందుకని అడుగుతారు, అప్పుడు ఆ ఇంట్లో మొదటిసారి ఆ మాట బయటికొస్తుంది. సంక్రాంతి నాడు నువ్వు చెయ్యాల్సింది కూడా ఇదే.

ఈవెంట్ గురించి ఎక్కువ చెప్పను. కొమ్ము నృత్యం నిజంగా కావాలంటే ఆ ఊళ్ల నుంచి ఆడేవాళ్లని పిలవండి, బండి ఖర్చు, పారితోషికం, భోజనం, ఉండటానికి గది ముందే మాట్లాడండి, మైకు వాళ్లకే ఇవ్వండి, ఏం ఆడతారో వాళ్లే చెప్పుకుంటారు. బడ్జెట్ లేదంటే ఆ ఐటెం మానేయండి. ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవం, ఐక్యరాజ్య సమితి 1994లో ప్రకటించింది. మీ క్యాంపస్‌లో ఏజెన్సీ పిల్లలు ఆ రోజు ఏమైనా చేసుకుంటామంటే హాలు పర్మిషన్, మైకు, కుర్చీలు కమిటీ తరఫున చూడు, వెళ్లి వెనక వరసలో కూర్చో. రంజాన్ నెలలో తెల్లారకముందు తినే పిల్లలకి మీ మెస్ తలుపు తీస్తున్నారా? ఒడిశా వైపు నుంచి వచ్చిన పిల్లలు నోటీసు బోర్డు మీద తెలుగులో ఉన్నది ఎవరినడిగి చదివించుకుంటున్నారు? వీటికి పోస్టర్లు అక్కర్లేదు గానీ కమిటీలో ఎవరో ఒకరు వార్డెన్ వెంట పడాలి.

అందుకే కమిటీలోంచి తప్పుకోవద్దు. నువ్వు పోతే నీ చోట్లోకి వచ్చేవాళ్లు అవే కొమ్ములు ఇంకొకరి నెత్తిన పెడతారు.

ఆ రూమ్ మార్పు కాగితం మీద మాత్రం ఇవాళే సంతకం పెట్టి వార్డెన్‌కి ఇచ్చెయ్యి, తనతో మాట్లాడకముందే. కాగితం నీ దగ్గర ఉంచుకుని సారీ చెబితే అది బేరమే అవుతుంది. సామాను మోయడానికి సాయం కావాలా అని అడుగు, వద్దంటే పక్కకి తప్పుకో.