పాత రిసీవర్‌లో వైఫై పాటలు: ముందు పర్సు లోపల పెట్టు

ప్రశ్న: అన్నా, మాది గుంటూరు బ్రాడీపేట. డల్లాస్ వచ్చి మూడు నెలలైంది. పాత సామాన్ల షాపులో పాతిక డాలర్లకి ఒక స్టీరియో రిసీవర్ (స్పీకర్లను మోగించే పెట్టె), రెండు స్పీకర్లు దొరికాయి. ఫోన్‌లో పాటలు వైఫై ద్వారా అందులో వినాలని ఉంది. షాపువాడి మాట విని ముప్పై డాలర్లు పెట్టి కేబుల్ కొన్నాను. రూమ్మేట్ ఏమో ఇదంతా పారేసి సౌండ్‌బార్ కొనమంటున్నాడు. ఏం చెయ్యమంటారు?

తమ్ముడూ, పారెయ్యకు. కొత్తది కొనమని చెప్పేవాళ్లు ఇక్కడ వీధికి పదిమంది ఉంటారు. బిల్లు కట్టేటప్పుడు ఒక్కడూ కనపడడు.

నేను 2009లో వచ్చాను. విజయవాడ సత్యనారాయణపురంలో మా ఇంట్లో రేడియోలో భక్తిరంజని మొదలైతేగాని కాఫీ దిగేది కాదు. ఇక్కడ ఫ్రిజ్ చప్పుడు తప్ప ఏమీ వినపడేది కాదు. థాంక్స్‌గివింగ్ సేల్ అన్నారు. తెల్లవారుజామున చలిలో లైన్లో నిలబడి 400 డాలర్ల హోమ్ థియేటర్ కార్డు మీద కొన్నాను. అప్పట్లో డాలరు 46 రూపాయల పైమాటే, అంటే పద్దెనిమిది వేలు! నెలనెలా మినిమమ్ కడుతున్నాను కదా, అప్పు తీరిపోతోందనే అనుకున్నాను. వడ్డీతో సహా తీరేసరికి రెండేళ్లు పట్టింది. ఈలోగా ఐదు స్పీకర్లలో రెండు మూగబోయాయి. ఈ సంగతి మా నాన్నకి ఇప్పటికీ తెలియదు.

ఆ తర్వాత బుద్ధి వచ్చి, ఒకాయన గరాజ్ ఖాళీ చేస్తుంటే ఇరవై డాలర్లకి పాత రిసీవర్ తెచ్చుకున్నాను. బరువుగా ఉంది, మంచిదే అనుకున్నాను. ఇంటికొచ్చి వెనక చూస్తే అన్నీ ఎరుపు, తెలుపు రంధ్రాలే. మొదట కనపడిన ‘ఫోనో’ అన్న రంధ్రాల్లో ఫోన్ వైరు పెట్టేశాను. పాట కాదు, పిండిమర ఆడినట్టు ఒకటే బరబర. ఫోనో అంటే గ్రామఫోన్ రికార్డుల ప్లేయర్ కోసం. దాని నుంచి వచ్చే సిగ్నల్ చాలా సన్నది కాబట్టి రిసీవర్ దాన్ని ఎన్నో రెట్లు పెంచుతుంది, బేస్ కూడా ఎత్తుతుంది. నువ్వు ‘ఆక్స్’ అని రాసి ఉన్న రంధ్రాల్లో పెట్టు, లేదా ‘సీడీ’ అన్నవాటిలో. టేప్ అని ఉన్నా పరవాలేదు, కానీ ‘ప్లే’ లేదా ‘ఇన్’ అన్న వైపే పెట్టు. ‘రికార్డ్’ వైపు పెడితే చప్పుడే రాదు.

ఇంకో మాట. ముందువైపు టేప్ మానిటర్ అని ఒక బటన్ ఉంటుంది. అది లోపలికి నొక్కి ఉంటే మిగతావన్నీ మూగే. ఆ ఒక్క బటన్ వల్ల నేను ఒక ఆదివారమంతా పోగొట్టుకున్నాను. రిసీవర్ చచ్చిందనుకుని బయట పెట్టబోతే మా ఆవిడ వచ్చి నొక్కింది.

ఇక వైఫై. మొదట పది డాలర్ల బ్లూటూత్ ముక్కతో సరిపెట్టాను. పాట మధ్యలో అమ్మ ఫోన్ చేస్తే రింగ్‌టోన్ రెండు స్పీకర్లలో దద్దరిల్లేది. ఫోన్ తీసుకుని వంటింట్లోకి వెళితే పాట తెగేది. వైఫై డబ్బా, అంటే రిసీవర్‌కి తగిలించే చిన్న పరికరం, అలా కాదు. పాటను ఇంటర్నెట్ నుంచి అదే తెచ్చుకుంటుంది, చాలా యాప్‌లలో ఫోన్ రిమోట్ మాత్రమే. 2015లో గూగుల్ వాళ్ల క్రోమ్‌కాస్ట్ ఆడియో అనే ఇలాంటి డబ్బా 35 డాలర్లకి వస్తే కొన్నాను. డబ్బాని రిసీవర్‌కి కలిపే ఆరు డాలర్ల వైరుతో, ఇరవై డాలర్ల రిసీవర్‌తో కలిపి 61 డాలర్లు. లెక్క చూసుకో. 2019లో దాని తయారీ ఆపేశారు, సెకండ్‌హ్యాండ్‌లో వెతుక్కో. దొరక్కపోతే ఇప్పుడు వీమ్ లాంటి కంపెనీల డబ్బాలు ఉన్నాయి. ఏది కొన్నా దానికి 3.5 మిల్లీమీటర్ల ఆడియో రంధ్రం గానీ, ఎరుపు తెలుపు రంధ్రాలు గానీ ఉండాలి. టీవీకి మాత్రమే పెట్టే డబ్బా తెచ్చుకుంటే మళ్లీ డబ్బు దండగ.

నా డబ్బా మొదటి వారం ఫోన్‌కి కనపడనే లేదు. తిరిగి ఇచ్చేద్దామని రసీదు కూడా వెతికాను. తీరా చూస్తే నేను దాన్ని కలిపింది గెస్ట్ వైఫైకి, అంటే వచ్చిపోయేవాళ్ల కోసం విడిగా పెట్టేదానికి. అందులో ఒక పరికరం ఇంకోదానికి కనపడకుండా అడ్డుపెడతారు. ఫోను, డబ్బా రెండూ అసలు వైఫైలోనే ఉండాలి. అపార్ట్‌మెంట్ వాళ్లు ఉచితంగా ఇచ్చే వైఫైలో వెబ్ పేజీ తెరిచి లాగిన్ అవ్వమంటే ఇంకా కష్టం, తెర లేని డబ్బా ఎలా లాగిన్ అవుతుంది? డబ్బాను రిసీవర్ వెనక ఇరికించకు, ఆ ఇనప పెట్టె సిగ్నల్‌కి అడ్డు. డబ్బా వాల్యూమ్ పూర్తిగా పెట్టి, రిసీవర్ నాబ్‌తో తగ్గించుకో. నాబ్ తిప్పితే గరగరలాడితే కాంటాక్ట్ క్లీనర్ అనే స్ప్రే చాలు, కొత్త రిసీవర్ అక్కర్లేదు. రాత్రి ఎన్ని గంటల వరకు మోత పెట్టొచ్చో నీ లీజులో ఉంటుంది.

మీ నాన్నగారికి కూడా ఒకటి పట్టుకెళదామని నీకు తప్పకుండా అనిపిస్తుంది. నాకూ అనిపించింది. 2016లో పది కిలోల రిసీవర్‌ని 23 కిలోల పెట్టెలో సగం బట్టలు తీసేసి సర్ది తీసుకెళ్లాను. కస్టమ్స్ సంగతి వాళ్ల సైటులో చూసుకో. పిన్ను మార్చే అడాప్టర్ పెట్టి మా ముందుగదిలో స్విచ్ వేశాను. ఇక్కడ 120 వోల్టులు, అక్కడ 230. టప్పుమంది, కాలిన వార్నీష్ వాసన గదంతా. నాన్న లేచి బోర్డు మీద స్విచ్ ఆపి, మళ్లీ కుర్చీలో కూర్చుని, ‘ఎంత పెట్టావురా?’ అన్నారు. ఊరికే ఇచ్చారన్నాను. గవర్నర్‌పేటలో రిపేరు చేసే అతను మూత విప్పి, ట్రాన్స్‌ఫార్మర్ పోయిందని చెప్పి, ఇనుము ధర కట్టిస్తానన్నాడు. వెనకాల వోల్టేజి మార్చుకునే స్విచ్ ఉన్న మోడల్ అయితేనే తీసుకెళ్లు.

వేసవిలో మన ఆరు గంటల పొద్దున ఇక్కడ రాత్రి ఏడున్నర. ఆకాశవాణి వాళ్ల న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో విజయవాడ కేంద్రం పెట్టుకుని నేను అప్పుడే అన్నం తింటాను. దానికీ పైసా ఖర్చు లేదు.

ఆరు డాలర్ల వైరు చాలు కాబట్టి, ఆ ముప్పై డాలర్ల కేబుల్ మాత్రం రేపే తిరిగి ఇచ్చెయ్యి. రసీదు దాచావా?